ముత్సును నిలబెట్టుకుని జపాన్ ఏం పోగొట్టుకుంది?

జపాన్ యుద్ధనౌకల మాట వస్తే చాలు, అందరూ యమాతో గురించే మొదలుపెడతారు. భారీ ఆకారం, భయంకరమైన అంతం, కథకులకు అంతకంటే ఏం కావాలి? కానీ ఆ నౌకాదళం ఎక్కడ దారి తప్పిందో తెలియాలంటే చూడాల్సింది ముత్సును. నాగాతో తరగతిలో ఇది రెండో నౌక. 1920లో యొకొసుకాలో జలప్రవేశం చేసింది. 410 మిల్లీమీటర్ల (సుమారు 16 అంగుళాల) ఫిరంగులు ఎనిమిది. నిర్మాణ ఖర్చులో బడిపిల్లల చందాలు కూడా ఉన్నాయి.

పెద్ద దేశాల నౌకాబలాలకు హద్దులు పెట్టడానికి జరిగిన వాషింగ్టన్ సమావేశం సంగతి తెలిసిందే. 1921 నవంబరులో అమెరికా విదేశాంగ మంత్రి చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ ఏ దేశం ఏ నౌకను తుక్కు చేయాలో పేర్లు పెట్టి మరీ చెప్పాడు. నిర్మాణం పూర్తికాని నౌకల కింద ముత్సునూ లెక్కగట్టాడు. అక్టోబరులోనే పూర్తయిందని జపాన్ పట్టుబట్టింది. పిల్లలు చందాలిచ్చిన నౌకను తుక్కుకు రాసిచ్చి స్వదేశంలో ముఖం చూపించడం ఏ ప్రతినిధికైనా కష్టమే. చివరికి పంతం నెగ్గింది. సెత్సు అనే పాత యుద్ధనౌకను వదులుకుని ముత్సును ఉంచుకుంది.

అసలు లెక్క ఇప్పుడు చూడండి. హ్యూస్ చెప్పింది చెప్పినట్టు జరిగి ఉంటే ప్రపంచంలో 16 అంగుళాల ఫిరంగుల యుద్ధనౌకలు రెండే మిగిలేవి. జపాన్‌కు నాగాతో, అమెరికాకు మేరీలాండ్. బ్రిటన్‌కు ఒక్కటీ ఉండేది కాదు. జపాన్ ముత్సును వదలనన్నందుకు అమెరికా కొలరాడోను, వెస్ట్ వర్జీనియాను పూర్తి చేసుకుంది. బ్రిటన్ నెల్సన్, రోడ్నీలను కొత్తగా కట్టుకుంది. ఒకటికి ఒకటి ఉన్న చోట ఇప్పుడు జపాన్‌కు రెండు, అవతలి ఇద్దరికీ కలిపి ఐదు! అమెరికా నౌకాబలంలో మనకు 60 శాతమేనా, 70 శాతం కావాలి అని కాతో కాంజీ లాంటి జపాన్ నౌకాదళ అధికారులు రగిలిపోతూ ఉండగానే, అత్యుత్తమ నౌకల్లో చేతికి అందివచ్చిన నూరు శాతం జారిపోయింది. ఇంత ఖరీదైన గెలుపు దౌత్య చరిత్రలో అరుదు.

ఒంటరి నాగాతో మరమ్మతుకు వెళితే చేతిలో ఏమీ ఉండదు, జంటగా ఉంటేనే దళమని దీనికి ఒక సమాధానం ఉంది. యుద్ధతంత్రంగా అది సరైనదే. మరి ఆ జంట చేసిందేమిటి? 1942లో పసిఫిక్‌లోని మిడ్‌వే యుద్ధంలో జపాన్ విమానవాహక నౌకలు తగలబడుతుంటే అవి అడ్మిరల్ యమామోతో ప్రధాన దళంతో వందల మైళ్ళ వెనక ఉన్నాయి. ముత్సు తన జీవితకాలంలో ఏ శత్రు యుద్ధనౌక మీదా ఒక్క గుండు పేల్చలేదు. 1923 భూకంపం తర్వాత బాధితులకు క్యూషూ నుంచి సామగ్రి మోసుకెళ్ళడమే దాని ఖాతాలో నికరమైన సేవ. మునిగిపోయాక, 1970లలో సముద్రం నుంచి తీసిన దాని ఉక్కు అణు పరీక్షలకు ముందుది, వాటి కాలుష్యం అంటనిది కావడంతో, రేడియోధార్మికతను కొలిచే పరికరాలకు పనికొచ్చింది. నౌకగా కంటే తుక్కుగానే అది లోకానికి ఎక్కువ ఉపయోగపడిందేమో!

అయినా నా అసలు ఫిర్యాదు నౌక మీద కాదు, రహస్యం మీద. 1943 జూన్ 8 మధ్యాహ్నం హషిరాజిమా దగ్గర లంగరు వేసి ఉన్న ముత్సు మూడో టరెట్ (ఫిరంగుల గోపురం) కింది మందుగుండు గది పేలి నౌక రెండు ముక్కలైంది. ముందు భాగం వెంటనే మునిగింది. వెనక భాగం అర్ధరాత్రి దాటేదాకా తేలుతూనే ఉంది. ఆ రోజు నౌకను చూడటానికి వచ్చిన వైమానిక శిక్షణార్థులతో కలిపి 1,474 మంది ఉంటే బతికింది 353 మంది. కెప్టెన్ మియోషి తెరుహికో మృతదేహాన్ని గజ ఈతగాళ్ళు జూన్ 17నే వెలికితీశారు. ఆయన భార్యకు అధికారికంగా చెప్పింది 1944 జనవరి 6న. బతికినవారిలో చాలామందిని, నోరు విప్పకుండా, పసిఫిక్ దీవుల కాపలాకు తరలించారు. పిల్లల నాణేలు తీసుకున్నప్పుడు ప్రజల నౌక, మునిగినప్పుడు మాత్రం ప్రభుత్వ రహస్యం. శత్రువు నుంచి దాస్తున్నామని ప్రభుత్వాలు ఎప్పుడూ అంటాయి. ఎక్కువసార్లు దాచేది లెక్క అడిగే సొంత జనం నుంచే.

దర్యాప్తు కూడా అలాగే నడిచింది. విమానాల మీద పేల్చే ‘మూడో రకం’ గుళ్ళను అనుమానించి పరీక్షించారు, వాటి తప్పేమీ లేదన్నారు. గజ ఈతగాళ్ళ పని ఇంకా ముగియకముందే, జూన్ 25కల్లా, అసంతృప్తితో ఉన్న ఒక నావికుడి పనేనని ప్రాథమికంగా తేల్చేశారు. ఇలాంటి పేలుళ్ళు ఈ దళానికి కొత్తేమీ కాదు. 1905లో సాసెబోలో మికాసా, 1908లో మత్సుషిమా, 1917లో యొకొసుకాలో త్సుకుబా, 1918లో తొకుయామా అఖాతంలో కవాచి, అన్నీ లంగరు వేసి ఉండగా పేలిపోయినవే. బ్రిటన్‌కూ 1917లో వాన్‌గార్డ్ అలాగే పోయింది, కాదనను. కానీ నలభై ఏళ్ళలోపు ఐదు నౌకలు సొంత రేవుల్లోనే పేలిపోయిన దళం, ఐదోసారి కూడా మందుగుండు గదుల నిర్వహణను వదిలి ఒక్క నావికుడి మీద నేరం మోపిందంటే, అది దర్యాప్తు కాదు, చేతులు కడుక్కోవడం.