'పర్లేదులే'లో ఆ 'లే'

తెలుగులో అన్నిటికన్నా క్రూరమైన అక్షరం ఏదని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెబుతాను: 'లే'. "పర్లేదు" అంటే పర్లేదనే. "పర్లేదులే" అంటే మాత్రం, నీ పని అయిపోయింది, అయినా మేం పెద్దమనసుతో చూసీచూడనట్టు ఊరుకుంటున్నాం అని. మా అక్క కూతురు రెండో ఏడాదిలో మెకానికల్ ఇంజనీరింగ్ వదిలేసి ఎకనామిక్స్‌కి మారిన దగ్గర్నుంచి ఈ 'లే' నా చెవిన పడని రోజు లేదు.

మొన్న వాళ్ల పెదనాన్నగారు పరామర్శకు వచ్చారు. వేరే పని మీద వచ్చారేమో అనుకునే అవకాశం ఆయన మాకివ్వలేదు. ఫోను సైలెంట్‌లో పెట్టి, సోఫా అంచు మీద సగమే కూర్చుని, కాసేపు నేలచూపులు చూసి, మా అక్క వైపు తిరిగి గొంతు తగ్గించారు.

"ఎప్పుడు జరిగింది?"

"సోమవారం బావగారూ. మధ్యాహ్నానికి ఫారం మీద సంతకాలైపోయాయి."

"ముందే ఏమైనా తెలిసిందా?"

"మొదటి సెమిస్టర్ నుంచీ కాస్త నలతగానే ఉండేదండీ."

"ఆఖర్లో మరీ బాధపడలేదు కదా?"

ఇక నావల్ల కాలేదు. "లేదండీ, నిద్రలోనే పోయింది. థర్మోడైనమిక్స్ క్లాసులో" అన్నాను. ఆయన నవ్వలేదు సరికదా, గంభీరంగా తలూపి "పోనీలే, అంతవరకూ అదృష్టమే" అన్నారు.

ఇంతకీ పోయిన మనిషి పక్క గదిలో హోంవర్క్ చేసుకుంటోంది. చివరి చూపు చూడ్డానికన్నట్టు ఆయన లోపలికి వెళ్లారు. బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకం నిండా పాక్షిక అవకలనాలు, మధ్యలో ఓ లాంబ్డా, అదే గ్రీకు అక్షరం.

"పాత పుస్తకాలు ఇంకా ఉంచుకున్నావేంటమ్మా?"

"ఇది కొత్తదే పెదనాన్నా. మైక్రో ఎకనామిక్స్."

ఉన్న డబ్బుతో ఎక్కువ తృప్తి ఎలా దక్కించుకోవాలో లాగ్రాంజ్ పద్ధతి అనే కాలిక్యులస్ కిటుకుతో తేల్చే లెక్క అది. ఆయన పేజీ తిప్పారు. మరో లాంబ్డా. ఇంకోటి తిప్పారు. మాట్రిక్స్. "మరి మ్యాథ్స్ రాకే కదా మారింది?" అని నన్నడిగారు, ఆ పిల్ల అక్కడ లేనట్టు. (నిజంగానే లెక్కల నుంచి పారిపోయి బిజినెస్‌లో చేరేవాళ్లూ ఉంటారు. వాళ్ల కోసం స్టాటిస్టిక్స్ తలుపు దగ్గరే కాచుకుని ఉంటుంది. వాళ్ల సంగతి అది చూసుకుంటుంది.)

పాపం ఇటలీవాడు విల్‌ఫ్రెడో పారెటో సంగతే తల్చుకోండి, ఎకనామిక్స్‌లో పెద్ద పేరు. 1870లో ట్యూరిన్‌లో ఘనపదార్థాల సమతాస్థితి మీద థీసిస్ రాసి ఇంజనీరయ్యాడు. రైల్వేలో పనిచేశాడు. తీరా 1893లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ఎకనామిక్స్ పాఠాలు చెప్పుకుంటూ తేలాడు. పోతూ పోతూ ఆ సమతాస్థితిని కూడా ఎకనామిక్స్‌లోకి వెంట పట్టుకుపోయాడు. వాళ్లింటికి ఎంతమంది పరామర్శకు వెళ్లి ఉంటారో! న్యూజీలాండ్ ఇంజనీరు బిల్ ఫిలిప్స్ ఇంకా ఘోరం. 1949లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ట్యాంకులు, గొట్టాలు బిగించి, రంగునీళ్లు పారించి, దేశంలో డబ్బు ఎటు నుంచి ఎటు పోతుందో చూపించాడు. నిరుద్యోగానికీ జీతాల పెరుగుదలకీ ముడిపెడుతూ ఆయన 1958లో గీసిన వంపుగీతను మా పిల్ల వచ్చే సెమిస్టర్ చదవబోతోంది. పర్లేదులే.

ఇక పెదనాన్నగారు. ఆయనా మెకానికల్ ఇంజనీరే. డిగ్రీ అయిన మర్నాటి నుంచే ఎంబీఏకి ప్రిపేరయ్యారు. ఆ తర్వాత ముప్పై ఏళ్లలో ఆయన చేతికి తగిలిన యంత్రభాగం ఒక్కటే, కుర్చీ ఎత్తు పెంచే మీట. రోజంతా ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో చూపే గాంట్ చార్ట్‌లో గడులకి రంగులేస్తారు (ఆ హెన్రీ గాంట్ కూడా మెకానికల్ ఇంజనీరే, ఆయన్నీ ఓదార్చాలి). నాలుగేళ్లూ పూర్తిచేసి ఇంజనీరింగ్ వదిలేస్తే ఎదుగుదల. రెండేళ్లకే వదిలేస్తే దిగజారుడు. తేడా ఏమయ్యా అంటే, ఇంకో రెండేళ్ల ఫీజు.

"అయినా రెండేళ్లు వేస్టే కదా" అంటారు. చేసిన కాలిక్యులస్ క్రెడిట్లు కొత్త కోర్సులోకి వచ్చేశాయి, అది వినరు. తిరిగిరాని ఖర్చును చూసుకుని ముందు దారి ఎంచుకోకూడదని ఎకనామిక్స్‌లో మొదట్లోనే చెబుతారు, దాని పేరు సంక్ కాస్ట్, అదీ వినరు. పదిహేడేళ్ల పిల్ల ఇంజనీరింగ్ ఫారం నింపుతున్నప్పుడు "ఆలోచించుకున్నావా తల్లీ" అని ఒక్కరూ అడగలేదు. పంతొమ్మిదేళ్లకి నిజంగా ఆలోచించుకున్నాక అందరూ అడుగుతున్నారు. సిగ్గుండాలి.

నాతో చదివినవాడొకడు మారలేదు. నాలుగేళ్లూ ల్యాబ్‌లో ఆసిలోస్కోప్ మీద పచ్చగీతను చూస్తూ కూర్చున్నాడు. ప్రతి సెమిస్టర్‌కీ రెండేసి సబ్జెక్టులు మిగిలేవి. చివరి ఏడాది మాతో మాట్లాడ్డమే మానేశాడు. పరామర్శకు వెళ్లాల్సింది అక్కడికి. ఒక్కడూ వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు.

పెదనాన్నగారు లేచారు. గుమ్మం దాకా వెళ్లి ఆగారు. వెనక్కి తిరిగి, ఈసారి ఇంకా గొంతు తగ్గించి, "అమ్మాయ్, ఎలాగూ అందులో చేరావు కాబట్టి అడుగుతున్నా. ఇప్పుడు ఏ షేర్ కొంటే మంచిది?" అన్నారు.

పిల్ల పుస్తకంలోంచి తలెత్తలేదు.

"పర్లేదులే పెదనాన్నా, ఏదో ఒకటి కొనేయండి."