ఓరుగల్లు రేవును చూసొద్దాం

సెలవులొస్తే వరంగల్, కరీంనగర్‌ల నుంచి సూర్యలంకకో, చీరాల వాడరేవుకో వెళ్లి, అలల్లో తడిసి, చేపల వేపుడు తిని తిరిగొచ్చే కుటుంబాలకు కొదవ లేదు. ఆ తీరంలోనే ఉన్న ఒకప్పటి ఓరుగల్లు రేవు మోటుపల్లి దాకా వెళ్లేవారు మాత్రం అరుదు. ఓరుగల్లును ఏలిన కాకతీయ రాజు గణపతిదేవుడు క్రీ.శ. 1244-45లో సముద్ర వర్తకులకిచ్చిన అభయశాసనం అక్కడి వీరభద్రస్వామి ఆలయంలో ఉంది. గాలివానకు కొట్టుకొచ్చి ఒడ్డున పగిలిన ఓడల్లోని బంగారాన్ని, ఏనుగులను, గుర్రాలను, రత్నాలను పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారనీ, ధనం ప్రాణంకన్నా ప్రియమైనది గనుక తాము దయతోనూ, కీర్తి కోసమూ, ధర్మం కోసమూ నిర్ణీత సుంకం తప్ప సర్వమూ విడిచిపెడుతున్నామనీ అందులో చెప్పించాడు. ఎగుమతి దిగుమతులపై ఆ సుంకం ముప్పయ్యింట ఒక వంతు. కీర్తి కోసమేనని రాజు దాచకుండా చెప్పుకోవడం ముచ్చట గొలుపుతుంది గానీ, సరుకుకు భరోసా లేని రేవుకు ఓడ రాదన్న లెక్క కూడా అందులో ఉందని మా అభిప్రాయం. తర్వాతి కాలంలో మార్కో పోలో మోటుపల్లి రాజ్యాన్ని వర్ణిస్తూ ఇక్కడి సన్నని వస్త్రాలను సాలెగూళ్లతో పోల్చాడు.

కాకతీయుల అనంతరం గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో బందరు ప్రధాన రేవైంది. డచ్చివారు 1605లో, ఇంగ్లిషువారు 1611లో అక్కడ దిగారు. నేటి నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కమ్మరులు మూసల్లో తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు ఆ ఊరికే వచ్చేవారంటే, మన ప్రాంతానికి సముద్రంతో పనేమిటని అడగనక్కర్లేదు. బందరులోని డచ్చి సమాధులపై వంశచిహ్నాలు, లోతుగా చెక్కిన అక్షరాలు చూడదగ్గవే. అయితే ఆ వర్తకులను సంపన్నులను చేసిన నేతగాళ్లకు, అద్దకపువారికి అలాంటి రాళ్లెవరూ నిలపలేదు. వారి పనితనం చూడాలంటే పక్కనున్న పెడనకు వెళ్లి కలంకారీ అచ్చులు బట్టపై పడుతుండగా చూడాలి. సమాధులు చూసి పెడన చూడకుండా వచ్చేస్తే కథలో సగమే తెలిసినట్టు.

వరంగల్ కోటలో తోరణాల ముందు ఫొటోలు దిగే సందర్శకులకు మోటుపల్లి శాసన సారాంశాన్ని తేలిక తెలుగులో బోర్డుపై రాసి చూపించడానికి పెద్దగా ఖర్చవదు. రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలూ కూర్చుని రామప్ప, వరంగల్ కోట, మోటుపల్లి, బందరులను కలిపి ఒకే యాత్రగా రూపొందించాలి. తీరంలో తుపాన్ల భయం తగ్గే జనవరి, ఫిబ్రవరి నెలల్లో, విద్యార్థులకు రాయితీ టికెట్లతో దాన్ని మొదలుపెట్టడం మేలు.