0.1 శాతం మీద శంకలా?

గ్యాస్ ప్రవాహాన్ని కొలిచే మీటర్లు సరిగ్గా ఉన్నాయో లేదో పరీక్షించే పరికరం గ్యాస్ ఫ్లో కాలిబ్రేటర్. దాని బ్రోచర్ మీద ‘కచ్చితత్వం 0.1 శాతం’ అని అంతంత అక్షరాల్లో అచ్చేశాక కూడా, “అది సరే, మొత్తం సెటప్‌కి ఎంత?” అని అడిగేవాళ్లు తయారవుతున్నారు. ఈ అమర్యాదను తీవ్రంగా ఖండిస్తున్నాను.

వాళ్ల వాదన వినండి. ఆ 0.1 లోపల గ్యాస్‌ని కొలిచే పిస్టన్ గొట్టం ఘనపరిమాణానికి మాత్రమేనట. గ్యాస్‌కి ఉష్ణోగ్రత, పీడనం కూడా ఉంటాయట. గది ఉష్ణోగ్రత దగ్గర ఒక్క డిగ్రీ పొరబడితే చాలు, లెక్క 0.3 శాతం దాకా తప్పుతుందట. థర్మామీటర్ గోడకుంది, గ్యాస్ గొట్టంలో ఉంది. ఒకే గదిలో ఉంటున్నవాళ్ల మధ్య ఇంత అనుమానమా?

అక్కడితో ఆగరు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు లోపాన్ని పంచుతారు: ఘనపరిమాణానికి 0.1, ఉష్ణోగ్రతకి 0.3, పీడనానికి 0.2, రిపీటబిలిటీకి (మళ్లీ మళ్లీ కొలిస్తే రీడింగ్‌లో వచ్చే తేడాకి) 0.1 అనుకుందాం. ఒక్కోదాన్నీ వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తే 0.39. పోనీ అంతటితో వదులుతారా? 95 శాతం నమ్మకం కావాలంటే దాన్ని రెండుతో గుణించాలట! 0.1తో లోపలికెళ్లిన పరికరం దాదాపు 0.8తో బయటికొచ్చింది. ఇందులో పెద్ద దోషి ఉష్ణోగ్రత. దాన్ని వదిలేసి ఘనపరిమాణాన్ని ఇంకో దశాంశ స్థానానికి మెరుగుపరిచి ‘కొత్త మోడల్’ అని అమ్మడమే మనకు తెలిసిన పద్ధతి.

“పదిసార్లు కొలిస్తే పదిసార్లూ అదే రీడింగ్ వచ్చిందండీ” అని చెప్పి చూశాను. “లీక్ కూడా పదిసార్లూ అంతే ఉందేమో” అన్నారు. సగటు తీస్తే లీక్ పోదట. ఇలాంటివాళ్లకి మంచి మాట చెప్పడం ఎలా?

ఫుల్ స్కేల్ మీద, అంటే మీటర్ కొలవగల గరిష్ఠ ప్రవాహం మీద, వాళ్లకున్న కక్ష మరీ ఘోరం. నిమిషానికి 100 లీటర్ల మీటర్‌కి ఫుల్ స్కేల్‌లో 1 శాతం అంటే ఒక్క లీటరు. నిమిషానికి 2 లీటర్లు కొలిచినా లోపం అదే ఒక్క లీటరు కావచ్చు. రీడింగ్‌లో అది 50 శాతం అని గొడవ! అంత తక్కువ గ్యాస్ పంపడం ఎవరి తప్పు?

ఇక ‘స్టాండర్డ్ లీటర్’ ఉదారత గురించి. అంటే ఫలానా ఉష్ణోగ్రత, పీడనాల దగ్గర ఉన్నట్టు లెక్కగట్టిన లీటరు గ్యాస్. ఒకచోట దాన్ని 0 డిగ్రీల దగ్గర లెక్కిస్తారు, ఇంకోచోట 20 డిగ్రీల దగ్గర. పీడనం ఒకటే అయినా రెంటికీ తేడా 7 శాతం పైనే. ఏ డిగ్రీయో సర్టిఫికెట్‌లో రాయకపోతే ఇద్దరూ ఒప్పే, ఇద్దరూ స్టాండర్డే.

పరీక్షించే పరికరం, పరీక్షకొచ్చిన మీటర్ కన్నా నాలుగు రెట్లు మెరుగ్గా ఉండాలని ఈ రంగంలో ఒక పాత అలవాటుంది. మన 0.8 శాతం కాలిబ్రేటర్ ముందుకి 1 శాతం మీటర్ వచ్చి నిలబడింది. రెండూ కలవకపోతే ఏం చేయాలో నాకు సందేహమేమీ లేదు: తప్పు మీటర్‌దే. దాని మీద ‘పరీక్షించాం’ అనే స్టిక్కర్ ఇంకా అంటించలేదు కదా.