వాయిదాను ఆనవాయితీ చేయొద్దు

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో పాటే ముందే తేదీ ఖరారైన (ప్లాన్డ్) ఆపరేషన్లు ఆగిపోయాయి. తాత్కాలికమే అన్నారు. ఇప్పుడు కొత్త కొవిడ్ వేరియంట్ పేరు వినబడినా, ఏ వార్డులో జ్వరాలు పెరిగినా మొదట వచ్చే ఆలోచన అదే: అత్యవసరం కానివి ఆపేద్దామా? మా ఆందోళన ఇక్కడే. విపత్తులో గత్యంతరం లేక చేసిన పని రేపటి ఆస్పత్రులకు అలవాటు కాకూడదు.

అప్పట్లో వైద్యుల భయం అకారణం కాదు. ఆపరేషన్ సమయంలో కొవిడ్ సోకినవారిలో దాదాపు నాలుగో వంతు 30 రోజుల్లోపే చనిపోయారని 24 దేశాల రోగుల మీద జరిగిన అధ్యయనం 2020లోనే తేల్చింది. పీపీఈ కిట్లకూ కటకటే. ఒప్పుకుంటాం.

కానీ ‘అత్యవసరం కాదు’ అని తేల్చేదెవరు? హెర్నియా (కడుపు గోడ బలహీనపడి పేగు బయటికి ఉబ్బడం) సంగతే చూడండి. ఒడిశా సరిహద్దులోని గుణుపురం, కాశీనగర్ పల్లెల్లో గజ్జల్లో ఉబ్బు కనబడినా తువ్వాలు బిగించి కట్టుకుని మూటలు మోయడానికి వెళ్లేవాళ్లున్నారు. కాగితం మీద అది వాయిదా వేయదగ్గ కేసు. పేగు అందులో ఇరుక్కుని రక్తప్రసరణ ఆగిందా, గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. బరంపురం మెడికల్ కాలేజీకి కొండదారి. ఆంధ్రలోని పాతపట్నం మీదుగా శ్రీకాకుళం ఆస్పత్రులే దగ్గర. ఆ దగ్గర దారికే 2020లో గేటు పడింది. అంటే సరిహద్దు రోగికి వాయిదా రెండుసార్లు పడింది, ఆస్పత్రిలో ఒకసారి, చెక్‌పోస్టు దగ్గర మరోసారి.

2020లో కొవిడ్ అంతరాయం తీవ్రంగా ఉన్న 12 వారాల్లోనే ప్రపంచవ్యాప్తంగా 2 కోట్ల 84 లక్షలు, మన దేశంలో 5 లక్షల 80 వేలకు పైగా ఆపరేషన్లు రద్దయి ఉంటాయని, లేదా వాయిదా పడి ఉంటాయని ఒక అంచనా. ఆపరేషన్ వాయిదా పడిందని క్యాన్సర్ గడ్డ పెరగడం మానదు.

ఆ రోజుల నుంచి నిలుపుకోదగినవీ ఉన్నాయి. జ్వరం ఉన్నవారిని వేరే వార్డులో ఉంచడం, కొవిడ్ సోకితే రోగి పరిస్థితిని బట్టి కొంతకాలం ఆగి ఆపరేషన్ చేయడం, కుట్ల పరిశీలన ఫోన్లోనే ముగించడం మంచివే. చివరిదాని వల్ల ఒడిశా రాయగడలోని తెలుగు కూలీకి ఒక రోజు కూలి మిగులుతుంది. (అవతల డాక్టరుకు ఒడియా తప్ప రాకపోతే ఆ ఫోన్ వల్ల ఉపయోగం సున్నా. దీన్ని ఎవరూ పట్టించుకోరు.) ఉంచాల్సినవి ఇవి. మూకుమ్మడి వాయిదా కాదు.

2025 ఏప్రిల్‌లో ఒడిశాలో ఆయుష్మాన్ భారత్ వైద్య బీమా పథకం అమల్లోకి వచ్చింది. ఆ పథకంలో ఉన్న పొరుగు రాష్ట్రం ఆస్పత్రుల్లోనూ కార్డు చెల్లుతుంది. గేటు మూస్తే ఆ కార్డు దేనికి? 2021 మేలో ఆంధ్ర అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో ఆపేస్తే తెలంగాణ హైకోర్టు జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. అలాంటి ఉదాహరణ ఒకటి చాలు, రేపు మరొకరికి గేటు మూసే ధైర్యం రావడానికి.

అందుకే భువనేశ్వర్, అమరావతి ప్రభుత్వాలు కలిసి కూర్చుని ఇప్పుడే రాసుకోవాలి: ఏ మహమ్మారి వచ్చినా అంబులెన్సును ఆపకూడదు. వాయిదా నిర్ణయం ఒక్కో రోగిని చూసిన సర్జన్‌దే కావాలి. వాయిదా వేసిన ప్రతి రోగికీ మళ్లీ రావాల్సిన తేదీ చేతికివ్వాలి. రోగం ముంచుకొచ్చాక అర్ధరాత్రి సర్క్యులర్లు ఇచ్చే పద్ధతి మానండి. సరిహద్దులో ఉన్నవాళ్లు మీ ఓటర్లు అవునో కాదో లెక్కలేసుకోవడం అంతకన్నా ముందు మానండి.