స్టెరాయిడ్లు పనిచేస్తాయి... చిక్కంతా అక్కడే

మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌లా పనిచేసే స్టెరాయిడ్లతో కండ పెరుగుతుంది. కుర్రాళ్లతో ఈ విషయం మాట్లాడాలనుకునే పెద్దలు ముందు ఈ నిజాన్ని ఒప్పుకోవాలి. ఏడాదిగా చెమటోడుస్తున్న కుర్రాడిని, తనకంటే వెనక జిమ్‌లో చేరినవాడు మూణ్నెల్లలో దాటిపోతున్నాడు. అది అతను రోజూ కళ్లారా చూస్తున్నాడు. అతని దగ్గరకెళ్లి ‘వాటివల్ల ఏమీ రాదు, వట్టి మోసం’ అంటే, ఆ తర్వాత మనం చెప్పే అసలు ప్రమాదాలు కూడా అతని చెవికెక్కవు. ఈ పొరపాటు ఒకసారి జరిగింది కూడా. స్టెరాయిడ్లతో బలం, కండ పెరుగుతాయనడానికి గట్టి ఆధారం లేదన్నట్టుగా 1977లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ తన వైఖరి ప్రకటించింది. వాడుతున్న క్రీడాకారులకు మాత్రం తేడా అద్దంలోనే కనిపించేది. 1980ల్లో ఆ సంస్థ వైఖరి మార్చుకోక తప్పలేదు.

ఎంతగా పనిచేస్తాయో 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక పరిశోధన తేల్చి చెప్పింది. వెయిట్స్ ఎత్తే అలవాటున్న 43 మంది ఆరోగ్యవంతులను నాలుగు జట్లు చేశారు. కొందరికి 10 వారాలపాటు, వారానికి 600 మిల్లీగ్రాముల చొప్పున టెస్టోస్టెరాన్ ఇచ్చారు. ఈ హార్మోన్ లోపం ఉన్నవారికి చికిత్సలో ఇచ్చే మోతాదుకు ఇది ఎన్నో రెట్లు. మందు లేకుండా వ్యాయామం చేసినవారిలో కొవ్వు కాని శరీర బరువు సుమారు 2 కిలోలు పెరిగింది. మందు తీసుకుని, వ్యాయామం చేయనివారిలో 3 కిలోలు దాటింది. రెండూ కలిసినవారిలో 6 కిలోలు పెరిగింది. ఒళ్లు వంచి కష్టపడినవాడికన్నా, ఇంజెక్షన్ తీసుకుని ఊరికే ఉన్నవాడికి ఎక్కువ దక్కిందన్నమాట.

ఈ అంకెలను ప్రతి జిమ్ గోడమీదా రాయాలంటాం మేము. భయపెట్టడానికి కాదు. తన కష్టంలో ఏదో లోపం ఉందనీ, తన ఒళ్లే పనికిరాదనీ లోలోపల కుమిలిపోయే కుర్రాడికి ఊరట కోసం. అతను పోల్చుకుంటున్నది తనలాంటి ఒంటితో కాదు. పక్కవాడు మందు సంగతి దాచాడు, ఇతను ఆ తేడాకు తననే తప్పుపట్టుకుంటున్నాడు.

మరి పనిచేసే మందును వద్దనడం ఎందుకు? లెక్క అక్కడితో ఆగదు కాబట్టి. బయటినుంచి హార్మోన్ వచ్చి పడుతుంటే మెదడు దాన్ని గమనించి, వృషణాలకు పంపే సంకేతాలను ఆపేస్తుంది. సొంత ఉత్పత్తి ఆగిపోతుంది, వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాలు తగ్గుతాయి, కొందరిలో పూర్తిగా కనిపించకుండా పోతాయి. కోర్సు నడిచినన్నాళ్లూ మనిషికి ఇవేమీ తెలియవు. ఉత్సాహంగా ఉంటాడు, బరువులు తేలిగ్గా లేస్తాయి. ఆపేశాక అసలు సంగతి మొదలవుతుంది. బయటి మందు లేదు, లోపలిది ఇంకా మేలుకోలేదు. నీరసం, కోరిక తగ్గడం, నిద్ర పట్టకపోవడం, దిగులు ఒక్కసారిగా ముంచుకొస్తాయి. కష్టపడి కట్టుకున్న కండ కళ్లముందే కరుగుతుంది. సొంత హార్మోన్ మళ్లీ గాడిన పడటానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. కొందరికి పూర్తిగా తిరిగి రాదు. ‘ఒక్క సైకిల్ (కొన్ని వారాల కోర్సు) చేసి ఆపేస్తా’ అని మొదలుపెట్టినవాడు రెండోది, మూడోది ఎందుకు చేస్తాడో అర్థం చేసుకోవాలంటే ఈ నెలలను చూడాలి. అతను ఆశతో కాదు, ఆ కుంగుబాటు భరించలేక మళ్లీ సూది పడతాడు.

గుండె సంగతి ఇంతకన్నా తీవ్రమైనది. 2017లో సర్క్యులేషన్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో ఏళ్లతరబడి బరువులెత్తుతున్న 140 మంది పురుషులను పరీక్షించారు. గుండె ఎడమ గది ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు తనలోని రక్తంలో బయటికి పంపే వాటా, స్టెరాయిడ్లు వాడనివారిలో సగటున 63 శాతం, వాడినవారిలో 52 శాతం. వాడకం ఆపినవారిలో కొంత మెరుగ్గా ఉన్నా, గుండె రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వు పూత మాత్రం ఎక్కువ కాలం వాడినవారిలో ఎక్కువగా కనిపించింది. డెన్మార్క్‌లో జిమ్‌ల తనిఖీల్లో స్టెరాయిడ్లు వాడుతూ దొరికిపోయిన 1,189 మంది పురుషులను సుమారు 11 ఏళ్లపాటు గమనిస్తే, అదే వయసున్న ఇతరులకంటే వారిలో మరణాల రేటు దాదాపు 2.8 రెట్లు ఉంది. వారి ఇతర అలవాట్లకూ ఇందులో వాటా ఉండొచ్చు. అయినా కొట్టిపారేయగల అంకె కాదిది. మంచి కొలెస్ట్రాల్ పడిపోవడం, రక్తం చిక్కబడటం, రొమ్ములు పెరగడం, మొటిమలు, నోటి మాత్రలతో కాలేయం దెబ్బతినడం ఇంకా ఉన్నాయి. టీనేజ్ పిల్లల్లో ఎముకల ఎదుగుదల ముందే ఆగి, ఎత్తు పెరగకుండా పోయే ప్రమాదం ఉంది. ఆడపిల్లల్లో బొంగురుపోయిన గొంతు మందు మానేసినా మళ్లీ మామూలు కాకపోవచ్చు.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట. ఆస్తమాకో, కీళ్లవాపుకో డాక్టర్ రాసే స్టెరాయిడ్లు వేరే జాతివి. వాటిని చూసి కంగారుపడి మానిపించకండి.

సీసాలో ఉన్నదేమిటన్నది మరో టెన్షన్. దొంగచాటుగా తయారైన మందులో లేబుల్ మీద రాసినదే ఉందన్న భరోసా లేదు. చాలామంది మోజుపడే ట్రెన్‌బోలోన్ పశువులను పెంచడానికి వాడే మందు. దాని మోతాదు చెప్పేది వైద్యశాస్త్రం కాదు, ముందు వాడినవాడు.

సహజ దారి గురించి కూడా నిజమే చెప్పాలి. అది నెమ్మదిగా సాగుతుంది. మొదటి కొన్ని వారాల్లో పెరిగే బలం ఎక్కువగా నరాలు నేర్చుకున్న నేర్పే. కండ కంటికి కనిపించేది ఆ తర్వాతే. మొదటి ఏడాది ఒళ్లు బాగా స్పందిస్తుంది. రెండు, మూడేళ్లకు వేగం తగ్గుతుంది. కుర్రాళ్లు జారిపోయేది ఈ రెండు చోట్లే. మొదట్లో ఏమీ కనిపించడం లేదని, తర్వాత ఆగిపోయిందని. ఈ రెండూ మామూలేనని ట్రైనర్ ముందే చెబితే ఎంతోమంది నిలబడతారు. బరువునో రెప్స్‌నో (ఎన్నిసార్లు ఎత్తుతామన్నది) కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవడం, ప్రతి కండరానికీ వారంలో రెండుసార్లు పని చెప్పడం, కిలో శరీర బరువుకు రోజుకు 1.6 గ్రాముల దాకా ప్రొటీన్, కంటినిండా నిద్ర. కావాలంటే రోజుకు 3 నుంచి 5 గ్రాముల క్రియాటిన్ అనే సప్లిమెంట్ పొడి. పనిచేసేవాటిలో సింహభాగం ఇంతే. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రాడి ఒంట్లో టెస్టోస్టెరాన్ జీవితంలోకెల్లా మెరుగ్గా ఉండే కాలమది. సరిగ్గా ఆ వయసులో దాన్ని బయటి మందుతో అణిచేసుకోవడం మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువగా బాధపెడుతోంది.

నిందంతా పిల్లల మీద వేయడం అన్యాయం. ఎంత పెంచినా తన ఒళ్లు సన్నగానే ఉందని నమ్మి నలిగిపోయే స్థితిని మానసిక వైద్యులు 1990ల్లోనే గుర్తించారు. అప్పటికి సోషల్ మీడియా లేదు. ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఫోన్, అందులో మందుతో తయారైన ఒళ్లు, దాని పక్కనే ‘నేను నాచురల్’ అనే మాట, కింద ప్రొటీన్ డబ్బా ప్రకటన. ఇది పిల్లలను మోసగించడమే. మందు వాడి, దాచిపెట్టి, ఆ ఒళ్లు చూపించి సరుకు అమ్మడాన్ని తప్పుడు ప్రకటనగానే చూడాలి. శిష్యులకు తానే సూదులు అమ్మే ట్రైనర్‌కు జిమ్‌లో చోటుండకూడదు. ఇది చూసీ చూడనట్టు ఊరుకునే యజమానికీ ఇందులో బాధ్యత ఉంది.

ఇప్పటికే వాడుతున్నవారిని దోషుల్లా చూస్తే వాళ్లు డాక్టర్ దగ్గరకు రారు, తమకు తోచిన మాత్రలతో తామే వైద్యం చేసుకుంటారు. వాడినవాడు ఏ మందు, ఎంత, ఎన్నాళ్లు అన్నది దాచకుండా చెప్పగలగాలి. విన్న డాక్టర్ క్లాసు పీకకుండా రక్తపోటు, కొలెస్ట్రాల్, కాలేయం, హార్మోన్లు, అవసరమైతే గుండె స్కాన్ చూసి, హార్మోన్ల నిపుణుడైన ఎండోక్రైనాలజిస్ట్ దగ్గరకు పంపాలి. మానేసిన తర్వాతి నెలల్లో దిగులు ఆత్మహత్య ఆలోచనల దాకా వెళ్లొచ్చు. కాబట్టి ఆ నెలల్లో మానసిక వైద్యుడి సాయం కూడా చికిత్సలో భాగంగానే అందాలి.