దయచేసి గోడ చదవండి

ఫైనార్ట్స్ చదువు ముగించి బయటికొస్తున్న పిల్లల ప్రదర్శనకు వెళ్ళేవాళ్ళు కళ్ళజోడు మర్చిపోవద్దని మనవి. బొమ్మలు చూడ్డానికి కాదు, వాటి పక్కన అంటించిన కాన్సెప్ట్ నోట్, అంటే బొమ్మ వెనకాల ఆలోచన ఇదీ అని చెప్పే కాగితం, చదవడానికి. చదివి అలసిపోయాక ఓపిక మిగిలితే బొమ్మ వైపు కూడా ఓ చూపు వేయొచ్చు. తప్పనిసరి ఏం కాదు.

ఇతివృత్తాల గురించి కంగారు అక్కర్లేదు. ఉన్నవి ఐదే: జ్ఞాపకం, దేహం, అస్తిత్వం, శూన్యం, నగరం. ఇరవై రెండేళ్ళకే అంత బరువైన జ్ఞాపకాలు ఎక్కణ్ణుంచి వచ్చాయని అడక్కండి. ఎర్ర దారం కనిపిస్తే బంధాలు. పగిలిన అద్దమైతే ఉనికి సంక్షోభం. ఖాళీ కుర్చీ అయితే వెళ్ళిపోయినవాళ్ళు. రెండు కుర్చీలుంటే ఒకటి మీకోసం వేసింది కావచ్చు, కూర్చునే ముందు కనుక్కోండి.

మార్కులు వేసే జ్యూరీ వచ్చే రోజు పొద్దున ఫ్యాన్ గాలికి రెండు నోట్లు ఊడి పడ్డాయనుకోండి. అటెండరు మంచి మనిషి, ఏరి తనకు తోచిన చోట అంటించాడు. ఒకమ్మాయి తెచ్చి పెట్టిన విరిగిన కుర్చీ నోటు ఒక కుర్రాడి చేప బొమ్మ పక్కకీ, చేపది కుర్చీ పక్కకీ చేరాయి. జ్యూరీ చేప ముందు నిలబడి "తండ్రి లేని ఇంట్లో మిగిలిన ఆకారం" అని చదువుకుంది. పెద్దాయన చేప పొట్ట వంక తదేకంగా చూసి, "ఆ వెలితి తెలుస్తోంది" అన్నారు. చేప వేసిన కుర్రాడు గుటకలు మింగాడు. వాళ్ళ నాన్న అక్కడే తలుపు దగ్గర ఫోన్లో ఫోటోలు తీస్తున్నాడు. కుర్చీ దగ్గర ఇంకా సాఫీగా జరిగింది. "సముద్ర కాలుష్యం" అని చదివి, ఒకావిడ విరిగిన కాలు చూపిస్తూ "చమురు ఒలికింది ఇక్కడే కదూ?" అంది. అవునండీ అంది కుర్చీ తెచ్చిన అమ్మాయి. ఇద్దరికీ ఫస్ట్ క్లాసే.

పిల్లల్నేం అనగలం? ఇటలీ కళాకారుడు మౌరిజియో కాటెలాన్ 2019లో అరటిపండును టేపుతో గోడకు అంటించాడు. 2024లో అది వేలంలో 62 లక్షల డాలర్లు దాటింది. కొన్నాయన చేతికొచ్చిన అసలు సరుకు ఒక ధ్రువపత్రం, ఎలా అంటించాలో చెప్పే సూచనలు. పండు కుళ్ళితే మార్చుకోవచ్చు, కాగితం పోతేనే ప్రమాదం. 1917లో ఫ్రెంచ్ కళాకారుడు మార్సెల్ డుషాం పింగాణీ మూత్రపు తొట్టిని కళాఖండమని పంపితే ప్రదర్శనలో పెట్టడానికి నిర్వాహకులు ఒప్పుకోలేదు. ఇప్పుడదే సిలబస్. తిరుగుబాటుకు ఇంటర్నల్ మార్కులున్నాయి, హాజరు తప్పనిసరి.

కానీ ఆ వరసలోనే ఎక్కడో ఓ అమ్మాయి, నైట్ డ్యూటీ నుంచి వచ్చి పడుకున్న వాళ్ళమ్మను చార్‌కోల్‌తో గీసి ఉంటుంది. ఆ వాచిన పాదాలతో నెలల తరబడి కుస్తీ పట్టి ఉంటుంది. అడిగే మొదటి ప్రశ్న: "బాగుందమ్మా, కాన్సెప్ట్ ఏంటి?" "మా అమ్మండీ" అంటే చాలదు. "శ్రామిక దేహపు రాజకీయాలు" అని రాసుకు రమ్మంటారు. ఎందుకు చాలదు? మడమ దగ్గర ఆ నీడ ఎలా పట్టుకున్నావని ఒక్కరైనా అడిగారా? గీత తడబడిన చోట పక్కన కూర్చుని దిద్దారా? నాలుగేళ్ళు బొమ్మ నేర్పడం చేతకాక, చివరి నెలలో ఓ పేరా రాయడం నేర్పి పంపేసి, ఈ తరంలో లోతు లేదని వాపోతారు! సిగ్గుండాలి.

1885లో బంగాళదుంపలు తింటున్న రైతు కుటుంబాన్ని వేస్తూ డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్‌గో తమ్ముడికి ఉత్తరం రాశాడు. పళ్ళెంలో పెడుతున్న ఆ చేతులతోనే వాళ్ళు నేల తవ్వారు, అది కనబడాలి అన్నాడు. ఆ బొమ్మకు కాన్సెప్ట్ అదే. ఇవాళ్టి జ్యూరీ అయితే, దుంప అమెరికా ఖండం నుంచి యూరప్‌కి ఎలా చేరిందో రెండు పేరాలు కలపమని చెప్పి సప్లిమెంటరీకి పంపేది.