రంగూన్ కథ వదలకండి

మీ తాతగారి కుటుంబం 1942లో బర్మాలోని రంగూన్ నుంచి కాలినడకన వచ్చిన కథని తెరమీద చూడాలన్న మీ కోరిక చదివి చాలా సంతోషమేసిందండీ. స్క్రిప్టు దాకా వెళ్లి ఆగిపోయిందని రాశారు, అయినా వదలకండి. పాలగుమ్మి పద్మరాజు గారు కథకుడిగా అంత పేరు తెచ్చుకున్నాక సినిమాలకు రాశారు, 1961లో ‘బికారి రాముడు’కి దర్శకత్వం కూడా చేశారు.

ఒక్క మనవి. 1941 డిసెంబరు 23న జపాన్ రంగూన్ మీద వేసిన బాంబులతో మొదలుపెట్టి యుద్ధం సినిమా తీద్దామంటే ఒప్పుకోవద్దు. అంతకుముందు రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో మనవాళ్లు ఎలా బతికారో చూపించాలి. మా అమ్మమ్మది సోంపేట వైపు. వాళ్లింట్లోనూ ఆ దారిలోనే ఒక పసిబిడ్డ పోయింది, పేరు కూడా ఎవరికీ గుర్తులేదు. అందుకే అడుగుతున్నాను. మాటలు శ్రీకాకుళం యాసలోనే ఉంచండి. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్లు స్థిరపడిన విశాఖ బర్మా క్యాంపులో పెద్దవాళ్లెవరైనా దొరికితే ముందు వాళ్లు చెప్పేది రికార్డు చేసుకోండి.